కడిగిన పిమ్మట మిగిలినదే సత్యమా?

రంగు పట్టించిన చిత్రము చూపనిదే కణము దేనికైనను అంటుకొన్నదని తాను నమ్మనని, రంగు లేకయే అంటుకొనుటను కొలుచు కాంతిసెన్సార్ గీచు గీతల నెన్ని తెచ్చి ముందుంచినను అవి సాక్ష్యము కానేరవని ఇటీవల ఒక విద్వత్సభలో ఒక పెద్దమనిషి సెలవిచ్చినప్పుడు, సభ యంతయు తల యూచినది. ఆ మాటకన్న ఆ తలయూపులే నాకు కోపకారణము. పత్రికల ముఖపత్రములపై ఆకుపచ్చగా, ఎఱ్ఱగా మెఱయు కణములను చూచి చూచి, కన్నులపండువైనదే ప్రమాణమనుకొను అలవాటు జీవశాస్త్రమున వేళ్లూనినది.

తెల్లరక్తకణము అంటుకొనుట ఒక్క దెబ్బతో ముగియు పని కాదు. రక్తప్రవాహమున పోవు న్యూట్రోఫిల్ అను తెల్లకణము నాళకుడ్యమును తాకి, దొర్లి, నెమ్మదించి, తన పొరమీది పట్టుప్రోటీనులగు ఇంటిగ్రినులను బిగించి, పఱచుకొని, ఆ పిమ్మటనే కుడ్యమును దాటి గాయమును చేరును. ఆ ఇంటిగ్రినులలో ఒక తెగ పుట్టుకతోనే లోపించిన శిశువులకు బొడ్డుతాడు ఊడుట ఆలస్యమగును. పుండ్లు చీము పట్టకయే ముదురును. రక్తమున తెల్లకణములు కొల్లలుగా నున్నను గాయమును చేరలేవు.

ఇంతటి సూక్ష్మవ్యవహారమును మనవారు పరీక్షించు విధానమో! కణములకు కాల్సీన్ అను వెలుగురంగు పట్టించి, ఫైబ్రినోజెన్ అను రక్తపు ప్రోటీను పూసిన గుంటలలో పోసి, కొంతసేపుంచి, ఉప్పుద్రావణముతో కడిగి, మిగిలిన వెలుగును కొలిచి, ఇన్ని అంటుకొన్నవని వ్రాయుదురు. చేయి బరువైన విద్యార్థి కడిగిన నొక ఫలితము, చేయి తేలికైనవాడు కడిగిన మఱొక ఫలితము. అప్పుడప్పుడే పట్టు బిగింపబోవుచున్న కణము తొట్టిపాలగును. దానికి లెక్కలో చోటే లేదు. పెండ్లికి ఎందఱు వచ్చిరని అడిగినచో, మఱునాటి ఉదయము పందిరి ఊడ్చి, అరుగుమీద నిద్రించువారిని లెక్కించి చెప్పుట యిట్టిదే. అంటుకొనుటను కొలిచితిమని వీరందురు. వీరు కొలిచినది కడుగుటను.

ఇక రంగు సంగతి. వెలుగు సోకిన రంగు చురుకైన ఆక్సిజన్ రూపములను పుట్టించి కణమును గాసిపెట్టును. న్యూట్రోఫిల్ తన శత్రువులపై ప్రయోగించు ఆయుధమును అట్టిదే. దానిని దానిమీదికే త్రిప్పి, దాని సహజప్రవర్తనమును కనిపెట్టితిమనుట ఏమి న్యాయమో నాకు బోధపడదు. జంతుశాస్త్రజ్ఞుడు మెచ్నికోఫ్ 1882లో మెస్సీనాలో నక్షత్రమత్స్యపు డింభకములలో ముల్లు గ్రుచ్చి, దానిచుట్టు మూగిన కణములను చూచినది ఆ డింభకములు పారదర్శకములగుటచేతనే. ఆ మూగుడును చూపుటకు ప్రతిదీప్తి రంగుల అవసరము కలుగలేదు. 1964లో కర్టిస్ అను శాస్త్రజ్ఞుడు, కోడిపిండపు గుండెనుండి తీసిన కణములు గాజునకు అంటుకొను తీరును పరావర్తిత కాంతుల వ్యతికరణముచేతనే పరిశీలించెను.

రంగు కోరని కాంతిసెన్సార్ చేయునది చాల సామాన్యము. పలుచని పొరలో నడపబడు కాంతి, ఆ పొర ఉపరితలమును దాటి 150, 200 నానోమీటర్ల మేర మాత్రమే వ్యాపించి క్షీణించును. న్యూట్రోఫిల్ వ్యాసము సుమారు 8 మైక్రోమీటర్లు. కావున కాంతికి తగులునది దాని అడుగుభాగమే, అనగా పట్టు బిగించు భాగమే. కణము అడుగుమోపినకొలది అచ్చటి వక్రీభవన గుణకము మాఱి, అనునాద తరంగదైర్ఘ్యము పికోమీటర్ల కొలతలో జరుగును. కడుగుట లేదు, ఆపుట లేదు. తాకిన క్షణమునుండి పఱచుకొను పర్యంతము కథ యంతయు గీతలో నుండును. ఇట్లే రంగు లేకయే, లోహపుపొరపై ప్లాస్మాన్ అనునాదముతో ప్రోటీనుల కలయికను స్వీడన్ శాస్త్రజ్ఞులు 1983లోనే కొలిచిరి. ఇది నిన్న మొన్నటి గారడి కాదు.

గీత లేచినది అంటుకొనుటవలననా, కణములోని పదార్థము కదలుటవలననా యని అడుగుదురు. ఇంటిగ్రినును ప్రతిరక్షకముతో మూసి మఱల కొలిచినచో తెలియును. సగటు తప్ప ఒక్కొక్క కణము తెలియదందురు; ఒక్కొక్క కణమును విడదీసి చూపు సెన్సారులును వచ్చినవి.

మఱి చేయవలసిన దేమి? తొలుత గీత, రంగు కావలసినచో ఆ పిమ్మట, ఒకే పలకమీద. సంపాదకులు చిత్రమును కోరునట్లే కాలరేఖను గూడ కోరవలెను. ఈ యంత్రముల వెల ఎవరు భరింతురందురా? ముఖచిత్రములకై లేజరు సూక్ష్మదర్శినులను కొనునప్పుడు ఆ ప్రశ్న ఎవరును వేయలేదు.