కేవు

గోదావరి పాయలపై వంతెనలు లేని కాలంలో, రేవు దాటించినందుకు పడవవానికి ఇచ్చే కూలిని ‘కేవు’ అనేవారు. నేడు ఆ మాట నిఘంటువుల్లోనే ఎక్కువగా కనిపిస్తుంది. మాట మరుగున పడినా అవసరం మాత్రం తీరలేదు.

తణుకులో కిళ్ళీకొట్టు మొదలు బట్టల దుకాణం వరకు క్యూఆర్ కోడ్ అట్ట కనిపిస్తుంది. 2016లో యూపీఐ వచ్చింది. ఆ ఏడాది నవంబరు 8న పెద్దనోట్ల రద్దు ప్రకటన వెలువడింది. నాటినుండి జేబులో పైకం లేకుండా తిరగడం క్రమంగా అలవాటైపోయింది. ఆ అలవాటుతోనే పాపికొండల పడవ ఎక్కేవారూ ఉన్నారు.

ఫోను తెరపై కనిపించే సొమ్ము ఫోనులో ఉండదు. చెల్లించేవాని ఆదేశం నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ వ్యవస్థ గుండా ఇరువైపుల బ్యాంకులకూ చేరాలి. కార్డు గీసే యంత్రానికీ ఇలాంటి సంధానమే కావాలి. కొండలు దగ్గరై నది ఇరుకైన చోట ఫోనుకు సిగ్నలు అందదు. నెట్‌వర్కు లేకుండా చిన్న మొత్తాలు చెల్లించేందుకు రిజర్వు బ్యాంకు 2022 జనవరిలో నిబంధనలు ప్రకటించింది. ఒక్క చెల్లింపుకు తొలుత 200 రూపాయలుగా ఉన్న పరిమితిని 2023 ఆగస్టులో 500కు పెంచింది. మంచిదే. కాని కొనేవానికి ఉంటే చాలదు, అమ్మేవాని వద్దా తగిన సాధనం ఉండాలి.

పేరంటాలపల్లి రేవులో కొండరెడ్లు వెదురుతో చేసిన పూలు, బొమ్మలు అమ్ముతారు. యాత్రికుడు ఒక వెదురు పువ్వును ఎంచి, బేరమాడి, ధర తగ్గించుకొని, తీరా ఫోను చూసుకొని తిరిగి బుట్టలో పెడతాడు. అతనికి కలిగిన నష్టం ఏమీ లేదు. పువ్వు చేసిన చేతులకు మాత్రం ఆనాటి కూలి పోయినట్లే. “తరువాత పంపుతాను” అనడం ఇంకా అన్యాయం. ఆ మాట నమ్మవలసిన భారం కూడా పేదవానిదే అవుతుంది. 500 నోటు చాచి చిల్లర అడగడమూ ఇంచుమించు ఇటువంటిదే. యాత్రకు పైకం సిద్ధం చేసుకోవడం సొంత సౌకర్యం కోసమని చాలామంది అనుకొంటారు. నిజానికది ఎదుటివాని శ్రమకు ఇచ్చే మర్యాద.

పైకానికి తడిసే భయం, పోయే భయం ఉన్న మాట నిజం. అందుకని అంతా నోట్లుగానే మోయనక్కరలేదు. పడవ టిక్కెట్టు వంటి పెద్ద మొత్తాలను సిగ్నలున్న చోటనే కార్డుతోనో ఫోనుతోనో చెల్లించి రసీదు తీసుకోవచ్చు. మిగిలిన ఖర్చుకు పది, ఇరవై, యాభై నోట్లు ప్లాస్టిక్ సంచిలో చుట్టి, రెండుచోట్ల దాచుకొంటే సరిపోతుంది. గోదావరి నడుమ ద్వీపంలో వెలసిన పట్టిసీమ వీరభద్రస్వామి దర్శనానికి పడవ దాటేవారికీ ఈ జాగ్రత్తే చాలు. శివరాత్రి రద్దీలో సిగ్నలున్నా చెల్లింపు వెంటనే జరుగుతుందన్న నమ్మకం లేదు.

తణుకులో బస్సు ఎక్కేముందు రెండు వందనోట్లు మార్చుకోవడానికి ఐదు నిమిషాలు పడుతుంది. పేరంటాలపల్లిలో పడవ ఆగేది కొద్దిసేపే.