మండువా దూలం... కొత్త హాల్లో!

కోనసీమలో మండువా లోగిలి పడగొడితే పెంకులు ఒక దారి, తలుపులు ఒక దారి పడతాయి. టేకు దూలాలు పాత కలప దుకాణానికి చేరతాయి. వాటిలో ఒకటి రెండు కొత్తింటి హాల్లో పైకప్పు కింద కనిపించేలా అమర్చుకుంటే ఆ కళే వేరు. అయితే తెచ్చీ తేగానే చిత్రిక పట్టించేయకండి.

ముందు సుత్తితో తట్టి చూడాలి. డొల్లగా మోగితే లోపల చెద తినేసినట్టే. గోడలో ఉన్న చివర్లే తొందరగా పుచ్చుతాయి, ఆ మేర కోయించేయడం మేలు. అయస్కాంతంతో వెతికి మేకులన్నీ పీకించాలి. పాత రంగు ఉంటే అందులో సీసం ఉండొచ్చు. పొడిగా గీకితే ఆ దుమ్ము పసిపిల్లలకు చేటు. మాస్కు పెట్టుకుని, తడిపి, ఆరుబయటే గీకాలి. చెద మందు పట్టించాల్సిందీ అప్పుడే. వార్నిష్ వేశాక ఇంకదు.

అసలు తగాదా నునుపు దగ్గరే. వడ్రంగి అద్దంలా చేసిపెడతానంటాడు. వద్దనండి! బాడిస దెబ్బలు, ఉయ్యాల గొలుసు ఒరిసిన గాడి పోయాక అది పాత దూలమెలా అవుతుంది? గరుకు కాగితంతో పైపైన రుద్ది, అవిసె నూనె పల్చగా రెండు పూతలు వేస్తే చాలు. నూనె గుడ్డలు మాత్రం ఉండచుట్టి మూల పడేయొద్దు, వాటంతటవే అంటుకుంటాయి. నీళ్లలో తడిపి, పరిచి ఆరబెట్టాలి.

10 అడుగుల పొడవు, 6 అంగుళాల చదరం ఉన్న టేకు దూలం దాదాపు 45 కిలోలు తూగుతుంది. నెత్తి మీద వేలాడే బరువు కదా... బోల్టులు ఎక్కడెక్కడ వేయాలో ఇంజినీరు చెప్పాకే పైకెత్తించండి.