విమానం ఎక్కే తేదీ సర్జన్ చెప్పాలి

ఆపరేషన్ అయ్యాక ఆసుపత్రి ఇచ్చే డిశ్చార్జి కాగితంలో చాలా విషయాలుంటాయి. ఏ మాత్ర ఏ పూట వేసుకోవాలి, కుట్లు ఎప్పుడు విప్పుతారు, తలస్నానం ఎప్పటి నుంచి చేయొచ్చు, మళ్లీ ఎప్పుడు చూపించుకోవాలి. ఇంటికి ఎలా చేరాలన్నది మాత్రం నేను చూసిన కాగితాల్లో చాలావాటిలో లేదు. ఆసుపత్రికీ ఇంటికీ మధ్య ఆటో ప్రయాణమే ఉన్న రోజుల్లో అది పెద్ద లోటు కాదు. ఇప్పుడు విశాఖ నుంచి హైదరాబాద్‌కు, ఢాకా నుంచి చెన్నైకి, గల్ఫ్ నుంచి సొంత ఊరి దగ్గరి పట్నానికి వచ్చి ఆపరేషన్ చేయించుకుంటున్నారు. నాలుగైదు రోజులకే విమానంలో తిరిగి వెళ్తున్నారు. చవకగా వస్తుందని రానూపోనూ టికెట్లు ముందే కొనేస్తారు. అంటే, ఆపరేషన్ ఏమిటో పూర్తిగా తేలకముందే తిరుగు ప్రయాణం తేదీ ఖాయమైపోతుంది.

ఈ వరుస తిరగబడాలన్నది నా వాదన. తేదీని సర్జన్ చెప్పాలి, ఎందుకో కూడా చెప్పాలి. కారణం తెలియనప్పుడు మనం రెండు మాటలతో సర్దుకుంటాం: ‘చిన్న ఆపరేషనే కదా’, ‘గంట ప్రయాణమే కదా’. వినడానికి సబబుగానే ఉంటాయి. కానీ కొన్ని ఆపరేషన్ల విషయంలో రెండూ తప్పే.

ఎందుకో తెలియాలంటే విమానం లోపలి గాలి సంగతి చూడాలి. విమానం 35 వేల అడుగుల ఎత్తులో ఎగురుతున్నప్పుడు క్యాబిన్‌లోకి గాలి పంపి ఒత్తిడి నిలబెడతారు. అయితే నేల మీద ఉన్నంత ఒత్తిడి ఉంచరు. అంత ఉంచితే విమానం గోడలు ఇంకా మందంగా, బరువుగా కట్టాల్సి వస్తుంది. అందుకని 8 వేల అడుగుల ఎత్తులో ఉండేంత ఒత్తిడికి తగ్గకుండా చూస్తారు. అది సుమారు 2,400 మీటర్లు, ఊటీ కంటే కొంచెం ఎక్కువ. బోయింగ్ 787, ఎయిర్‌బస్ ఎ350 లాంటి కొత్త విమానాల్లో ఇది 6 వేల అడుగుల దగ్గరే ఉంటుంది. 8 వేల అడుగుల దగ్గర గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉన్నదానిలో నాలుగింట మూడు వంతులే.

ఇక్కడ బడిలో చదువుకున్న బాయిల్ సూత్రం పని చేస్తుంది. ఒత్తిడి తగ్గితే మూసి ఉన్న గాలి వ్యాకోచిస్తుంది. నాలుగింట మూడు వంతులకు తగ్గితే, ఘనపరిమాణం మూడో వంతు పెరుగుతుంది. ఒంట్లోని గాలిలో నీటి ఆవిరి కూడా ఉంటుంది కాబట్టి ఇంకాస్త ఎక్కువే. ఆరోగ్యంగా ఉన్న మనిషికి చెవులు దిబ్బడ వేయడం, పొట్ట కాస్త ఉబ్బరంగా ఉండడం, అంతే. చెవికీ పొట్టకీ గాలి బయటికి పోయే దారి ఉంది. ఆపరేషన్ తర్వాత దారి లేని చోట గాలి మిగిలిపోతేనే చిక్కు.

దీనికి అన్నిటికన్నా తీవ్రమైన ఉదాహరణ కన్ను. రెటీనా ఊడినప్పుడు సర్జన్ కంట్లోని జెల్లీలాంటి పదార్థాన్ని తీసేస్తారు. రెటీనా తిరిగి అతుక్కునేదాకా దాన్ని అదిమి పట్టడానికి లోపల గ్యాస్ నింపుతారు. సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ అయితే ఆ బుడగ రెండు వారాల దాకా ఉంటుంది. పెర్‌ఫ్లోరోప్రొపేన్ అయితే ఆరు నుంచి ఎనిమిది వారాలు. రోగి తరచుగా అదే రోజో మర్నాడో ఇంటికి వెళ్లిపోతాడు. నడుస్తాడు, తింటాడు, మాట్లాడతాడు. చూసేవాళ్లకు కంటికి కట్టిన గంత తప్ప ఏమీ కనిపించదు. అతను విమానం ఎక్కితే, పైకి లేచిన పావుగంట, ఇరవై నిమిషాల్లోనే ఆ బుడగ ఉన్నదానికి మూడో వంతు పెరగాలని చూస్తుంది. కంటి గోడ సాగదు. కంటి లోపలి ఒత్తిడి పెరిగి, రెటీనాకు రక్తం తెచ్చే ధమనిలోని ఒత్తిడిని మించిపోతే రక్తం ఆగిపోతుంది. భరించలేని నొప్పి వస్తుంది, చూపు శాశ్వతంగా పోవచ్చు. కాపాడుకోవడానికి చేసిన ఆపరేషనే చూపు పోవడానికి కారణమైనట్టవుతుంది.

విశాఖ–హైదరాబాద్ విమానం గంటా పది నిమిషాలే. బుడగకు ఆ లెక్క తెలియదు. అంత చిన్న ప్రయాణంలోనూ క్యాబిన్ ఒత్తిడి పడిపోతుంది. బాయిల్ సూత్రంలో కాలానికి చోటు లేదు. అందుకే ఈ రోగికి ‘ఇన్ని రోజులు’ అన్న లెక్క కంటే ‘బుడగ పూర్తిగా పోయేదాకా’ అన్న నియమమే ఉండాలి. పోయిందా లేదా అన్నది రోగికీ కొంత తెలుస్తుంది. చూపులో నీటిమట్టం లాంటి గీత కనిపిస్తూ, రోజురోజుకీ కిందికి జారుతుంది. గ్యాస్ నిజానికి కంట్లో పై భాగాన ఉంటుంది. కన్ను బొమ్మను తలకిందులుగా పట్టుకుంటుంది కాబట్టి మనకు కింద కనిపిస్తుంది. ఫిజిక్స్ చదివిన నాకు ఇది ముచ్చటగా అనిపించే వివరం. అయినా చివరి మాట డాక్టర్‌దే కావాలి.

ఇదే సంగతి విమానం దాకా వెళ్లకుండా కొండ మీద కూడా ఎదురవుతుంది. కన్ను బాగైతే కొండకొస్తానని మొక్కుకున్నవాళ్లు మనలో తక్కువేం కాదు. తిరుమల 800 మీటర్లకు పైనే ఉంటుంది. అక్కడికి చేరేసరికి బుడగ పదో వంతు దాకా పెరగొచ్చు. చెన్నైలో ఆపరేషన్ చేయించుకుని కారులో బెంగళూరు వెళ్లేవాళ్లు దాదాపు 900 మీటర్లు ఎక్కుతారు. మొక్కు తీర్చుకోవడమైనా, బెంగళూరు ప్రయాణమైనా డాక్టర్‌ను అడిగాకే. హైదరాబాద్‌లో చేయించుకుని రైల్లో విశాఖ వెళ్లేవాళ్లు మాత్రం పై నుంచి కిందికి దిగుతున్నారు, బుడగ కాస్త చిన్నదే అవుతుంది. పన్నెండు గంటల రైలు ప్రయాణం గంట విమానం కంటే క్షేమమైన సందర్భం ఇది.

ఇంకొకటుంది. గ్యాస్ బదులు సిలికాన్ ఆయిల్ నింపే పద్ధతి కూడా ఉంది. అది ద్రవం, ఎత్తుకు వెళ్తే వ్యాకోచించదు. తర్వాత తీయడానికి మరో ఆపరేషన్ కావాలి కాబట్టి అందరికీ అదే మేలని కాదు. కానీ ‘నేను ఫలానా రోజుకి విమానంలో వెళ్లక తప్పదు’ అని రోగి ముందే చెబితే, సర్జన్ అది కూడా ఆలోచించి నిర్ణయిస్తారు. ఆపరేషన్ అయ్యాక చెబితే మిగిలేది వాయిదా ఒక్కటే. ప్రయాణం సంగతి డిశ్చార్జి నాటిది కాదు, మొదటి సంప్రదింపు నాటిదని నేననేది ఇందుకే.

పొట్ట సంగతి చూస్తే ‘చిన్న, పెద్ద’ లెక్క ఎందుకు నిలవదో ఇంకా తెలుస్తుంది. లాపరోస్కోపీలో పొట్ట నిండా గ్యాస్ నింపుతారు. అయినా బ్రిటన్ పౌర విమానయాన మార్గదర్శకాలు దాని తర్వాత ఒకటి రెండు రోజులు ఆగితే చాలంటాయి. నింపేది కార్బన్ డయాక్సైడ్ కావడమే కారణం. రక్తంలో ఇట్టే కరిగి, ఊపిరితో బయటికి పోతుంది. పొట్ట కోసి చేసే మామూలు ఆపరేషన్‌కు నాలుగైదు రోజులు, పెద్దదానికి పది రోజులు. అక్కడ పేగులు కొన్నాళ్లు మందకొడిగా ఉంటాయి, వాటిలో గాలి నిలిచిపోతుంది. ఆ పేగుకే కుట్లు వేసి ఉంటే, ఆ గాలి ఉబ్బి కుట్లను లాగుతుంది. గుండె బైపాస్‌కూ, ఛాతీ ఆపరేషన్‌కూ పది రోజులు. ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరి ఉంటే అది తగ్గేదాకా విమానం మాటే వద్దు. తల ఆపరేషన్‌లో పుర్రె లోపల చిక్కిన గాలికీ అంతే. శుక్లాల ఆపరేషన్‌కు ఒక్క రోజు చాలు. అంటే కంటికే రెండు ఆపరేషన్లు, ఒకదానికి ఒక రోజు, ఇంకొకదానికి వారాల తరబడి. బయటికి గంత ఒకటే.

విరిగిన కాలికి వేసిన పిండికట్టు కింద కూడా గాలి చిక్కుతుంది, కాలూ వాస్తుంది. రెండు గంటల లోపు ప్రయాణానికి 24 గంటలు, అంతకు మించితే 48 గంటలు ఆగమంటారు. తప్పనిసరైతే కట్టును నిలువునా చీల్పించి పంపుతారు.

ఆక్సిజన్‌ది వేరే కథ. క్యాబిన్ గాలిలోనూ ఆక్సిజన్ 21 శాతమే. ఒత్తిడి తగ్గినందువల్ల అది నేల మీద 15 శాతం ఆక్సిజన్ పీల్చినదానితో సమానం. ఆరోగ్యవంతుడి రక్తంలోనూ ఆక్సిజన్ స్థాయి తగ్గుతుంది, తెలియదంతే. ఆపరేషన్‌లో రక్తం పోయినవాళ్లకు ఆ ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబినే తక్కువ. అది 7.5 గ్రాములకు తగ్గినవాళ్లను ప్రయాణానికి ముందు ప్రత్యేకంగా పరీక్షించాలన్నది బ్రిటన్ మార్గదర్శకాల సూచన. మన దగ్గర దీనికి ఇంకా ఎక్కువ ప్రాధాన్యం ఉండాలి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. గర్భసంచి తీయించుకుని విమానం ఎక్కే ఆమె హిమోగ్లోబిన్ ఎంతో ఆమెకైనా, పక్కనున్నవాళ్లకైనా తెలియాలి.

గ్యాస్‌కు కాలంతో పని లేదన్నాను. రక్తం గడ్డకట్టడానికి మాత్రం కాలంతోనే పని. నాలుగు గంటలు దాటిన ప్రయాణంలో కాళ్ల సిరల్లో గడ్డకట్టే ముప్పు దాదాపు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అధ్యయనం 2007లో చెప్పింది. మామూలు మనుషుల్లో అది సుమారు 6 వేల మందిలో ఒకరికి వచ్చే ముప్పు. తుంటి, మోకాలు మార్పిడి అయినవాళ్ల పరిస్థితి అది కాదు. వాళ్లకు రక్తం గడ్డకట్టకుండా వారాల తరబడి మందులిస్తారంటేనే ముప్పు ఎన్నాళ్లుంటుందో ఊహించవచ్చు. అమెరికాలో కూతురి పురుడుకు వెళ్లాలని మోకాలి ఆపరేషన్‌ను ముందుకు జరిపించుకునే తల్లులు మన ఇళ్లలో ఉన్నారు. హైదరాబాద్ నుంచి అక్కడికి దారిలో విమానం మారుతూ ఇరవై గంటలకు పైనే. ఆ అమ్మకు కిటికీ సీటు ఇప్పిస్తే, పక్కవాళ్లను లేపడానికి మొహమాటపడి కదలకుండా కూర్చుంటుంది. మంచినీళ్లు తాగితే బాత్రూమ్‌కు వెళ్లాల్సొస్తుందని తాగడం మానేస్తుంది. నడవా పక్క సీటు, గంటకోసారి నాలుగడుగులు, కూర్చున్నచోటే పాదాలు ఆడించడం, డాక్టర్ చెబితే బిగుతు మేజోళ్లు, మాత్రో ఇంజెక్షనో. ఇవన్నీ చిన్న పనులే, ఎవరైనా గుర్తు చేస్తే జరుగుతాయి.

మిగతా సౌకర్యాల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. వీల్‌చైర్ టికెట్టుతోపాటే అడగాలి. మందులు, డిశ్చార్జి కాగితం చేతిసంచిలోనే ఉండాలి, ఆ సంచి పైకి ఎత్తి పెట్టే పని ఇంకొకరిది కావాలి. పొట్టమీద కుట్లుంటే సీటుబెల్టుకీ కుట్లకీ మధ్య చిన్న దిండో మడిచిన శాలువానో పెట్టుకుంటే ప్రాణం హాయిగా ఉంటుంది. ముందురోజు నుంచి శనగలు, సోడాలు మానేస్తే మంచిది. పొట్టకు సంచి అమర్చినవాళ్లకు అది విమానంలో మామూలుకంటే త్వరగా ఉబ్బుతుంది, అదనంగా ఒకటి రెండు దగ్గరుంచుకోవాలి.

ఎయిర్‌లైన్సు ఊరుకోవడం లేదనీ, ఇటీవల ఆపరేషన్ అయినవాళ్లను ‘ఫిట్ టు ఫ్లై’ సర్టిఫికెట్టో, మెడిఫ్ అనే ఫారమో అడుగుతున్నాయనీ అనవచ్చు. నిజమే. కానీ రోగి తానుగా చెబితేనో, చూసి ఎవరికైనా అనుమానం వస్తేనో అడుగుతారు. పైగా చాలామంది దాన్ని ప్రయాణం ముందురోజు సంతకం కోసం పరిగెత్తే కాగితంగానే చూస్తారు. ఆ సంతకం పెట్టే డాక్టర్ ఆపరేషన్ చేసినవారు కాకపోతే కంట్లో ఏ గ్యాస్ ఉందో ఆయనకెలా తెలుస్తుంది? టికెట్టు మార్చుకోవడానికి అయ్యే డబ్బు రోగిమీదే పడుతుంది కనుక ‘ఏం కాదులెండి, రాసివ్వండి’ అనేవాళ్లే ఎక్కువ. వాళ్లను తప్పుపట్టలేం. ముందే చెప్పి ఉంటే ఆ తేదీకి టికెట్టు కొనేవాళ్లే కాదు.

సర్జన్లకు తీరిక లేదన్నది నిజమే కానీ, దీనికి తీరిక అక్కర్లేదు. ఆసుపత్రులకు గుర్తింపునిచ్చే ఎన్‌ఏబీహెచ్ ప్రమాణాలు డిశ్చార్జి కాగితంలో మందులు, తదుపరి సూచనలు, ఎప్పుడు వెంటనే రావాలి అన్నవి ఉండాలంటాయి. ఆ పక్కనే మూడు ఖాళీలు అచ్చు వేస్తే చాలు. ఒంట్లో గ్యాస్ లేదా గాలి మిగిలిందా, ఎక్కడ. హిమోగ్లోబిన్ ఎంత. ఏ తేదీ తర్వాత ఎన్ని గంటల విమాన ప్రయాణం చేయొచ్చు. తెలుగులోనో, రోగి చదవగలిగే భాషలోనో. ఢాకా నుంచి వచ్చినవారికి బెంగాలీలో.