విజ్ఞాన వీచిక: పరీక్షనాళికలో పూసిన వెదురు

పెరటిలో టమాటా నారు నాటిన నెలా నెలన్నరకే పూత చూస్తాం. ఒక రకం పుప్పొడిని మరొక రకానికి చేర్చి, ఏడాదిలో రెండు తరాలనైనా పరిశీలించగల వెసులుబాటు టమాటా వంగడాలను రూపొందించే శాస్త్రజ్ఞులకు ఉంది. వెదురు విషయంలో ఆ సౌకర్యం లేదు. అనేక వెదురు జాతులు కొన్ని దశాబ్దాలకు ఒక్కసారి మాత్రమే పూసి, గింజ రాల్చి, పొద పొదంతా ఎండిపోతాయి. ఒక శాస్త్రజ్ఞుని ఉద్యోగ జీవితమంతా గడిచినా తాను నాటిన వెదురు పూత కంటబడకపోవచ్చు.

వెదురు పూస్తే కరువు వస్తుందని పెద్దలు అంటారు. దీనిని వట్టి మూఢనమ్మకమని కొట్టివేయలేం. మిజో కొండల్లో విస్తారంగా పెరిగే ఒక జాతి వెదురు సుమారు 48 సంవత్సరాలకు ఒకసారి ఒక్కుమ్మడిగా పూస్తుంది. రాలిన గింజలను తిని ఎలుకలు విపరీతంగా వృద్ధి చెందుతాయి. గింజలు అయిపోగానే పొలాలపై, ధాన్యపు గాదెలపై పడతాయి. 1959లో అక్కడ సంభవించిన కరువుకు మూలం ఇదే. 2007 ప్రాంతంలో ఆ పూత మళ్ళీ వచ్చింది.

ఈ సుదీర్ఘ నిరీక్షణను తగ్గించే మార్గాన్ని చూపినవారు మన దేశ శాస్త్రజ్ఞులే కావడం మనకు గర్వకారణం. పుణేలోని జాతీయ రసాయన ప్రయోగశాలకు చెందిన నాడ్‌గౌడ, పరాశరామి, మాస్కరేన్హాస్ తమ ఫలితాలను 1990లో 'నేచర్' పత్రికలో ప్రకటించారు. ముళ్ళ వెదురు మొలకలను సూక్ష్మజీవి రహితంగా పెంచుతూ, పోషక మాధ్యమానికి కొబ్బరి నీటిని, కణవిభజనను ప్రేరేపించే సైటోకైనిన్ హార్మోనును చేర్చగా, లేత మొక్కలే పూసి, మొలకెత్తగల గింజలనిచ్చాయి. దశాబ్దాల పూత నెలల్లోకి వచ్చింది. మేలైన రెండు రకాలను సంకరపరచే ఆలోచనకు ఆస్కారం కలిగింది.

అయితే ప్రయోగశాలలో వరమైన పూత, రైతు పొలంలో అకాలంగా వస్తే శాపమే. వెదురు తన వయస్సును మరచిపోదు. ముదురు పొదనుండి తీసిన దుంపగాని, కణుపుగాని, దాని కణజాలంతో పెంచిన మొక్కగాని సాధారణంగా తల్లి పొదతోపాటే పూస్తుంది. దీర్ఘకాలం ఆదాయమిస్తుందని నాటిన తోట కొద్ది ఏళ్ళకే పూసి ఎండిపోయే ప్రమాదముంది.

కనుక పదవీ విరమణానంతరం స్వగ్రామంలో వెదురు వేయదలచిన మన సహోద్యోగులు మొక్క ధరతోపాటు తల్లి పొద వయస్సును, గింజ నుండి పెంచిన మొక్కలైతే ఆ గింజ రాలిన సంవత్సరాన్ని కూడా విచారించవలసిందిగా కోరుతున్నాం. నర్సరీవారు ఆ వివరాలు చెప్పలేకపోతే ఆ మొక్కలను కొనకపోవడమే మేలు.