పెద్ద తెర టీవీ: ఏది కొనాలి?

క్రిందటి సంచికలో డిపాజిట్ల సంగతి వ్రాశాను. ఈసారి పెద్ద టీవీల సంగతి.

కొంతం చౌక్‌లో ఉంటున్న మా బాబాయి కొడుకు 55 అంగుళాల టీవీ కొందామని, "అన్నా, నువ్వు గూడా రా" అని నన్ను షాపుకు తీసుకువెళ్ళాడు. వాడి కన్ను ఓఎల్ఇడి మీద పడింది. ప్రక్కనున్న క్యూఎల్ఇడి కంటే ఖరీదు ఎక్కువ. ఎంత ఎక్కువంటే, వాడి రెండు నెలల సంపాదన.

ఓఎల్ఇడిలో ప్రతి చుక్కా తానే వెలుగుతుంది. నల్లగా ఉండవలసిన చోట పూర్తిగా ఆరిపోతుంది. క్యూఎల్ఇడి పేరు కొత్తదే గాని లోపల ఎల్‌సిడియే. వెనుక దీపాలుంటాయి కనుక నలుపులో కాస్త బూడిద రంగు కలుస్తుంది. నూలుకు రంగులు వేసే ఇంట పుట్టినవాడికి ఆ అసలు నలుపు చూపించాక మరొకటి ఆనుతుందా? చుక్కల లెక్క మాత్రం రెండింటికీ ఒకటే. 4కె అంటే అడ్డంగా 3840, నిలువుగా 2160. ఈ సైజు తెర మీద అంగుళానికి సుమారు 80 చుక్కలు. చద్దర్లలో పోగులు లెక్కపెట్టే మనవాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు.

అయితే షాపు వేరు, ఇల్లు వేరు. వాళ్ళ ముందుగదికి వీధి తలుపు పగలంతా తెరిచే ఉంటుంది. అంత వెలుతురులో మామూలుగా క్యూఎల్ఇడి కాంతే నిలుస్తుంది. పైగా చిన్నమ్మకు వినికిడి తగ్గింది. పొద్దుటినుంచి రాత్రిదాకా ఒకే తెలుగు ఛానల్ పెట్టుకుని, ముఖాలు చూసి కథ తెలుసుకుంటుంది. ఛానల్ గుర్తు ఏళ్ళ తరబడి ఒకే మూల వెలుగుతుంటే ఓఎల్ఇడి తెర మీద దాని మచ్చ మిగిలిపోవచ్చు. ఇప్పటి సెట్లలో జాగ్రత్తలు పెట్టారు గాని ఆ భయం పూర్తిగా పోలేదు.

చిక్కల్లా ఆమె మంచంతోనే. అది ప్రక్క గోడకు ఉంది. ప్రక్కనుంచి చూస్తే చాలా ఎల్‌సిడిలలో రంగు వెలిసిపోతుంది, ఓఎల్ఇడిలో అంతగా పోదు. ఇక్కడ మా తమ్ముడి మాటే సబబు. నేను షాపులో ఓ మూలకు వెళ్ళి నిలబడి చూశాను. క్యూఎల్ఇడిలో ముఖాలు పాలిపోయాయి. మీరు కొన్నా ఇలా నిలబడి చూడండి, సేల్స్‌మన్ నవ్వినా సరే.

చివరికి క్యూఎల్ఇడియే తీసుకున్నాము, మంచానికి ఎదురు గోడకు బిగించాలన్న షరతు మీద. 32 అంగుళాలు దాటిన టీవీలకు 2025 సెప్టెంబరు 22 నుంచి జిఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది; బిల్లులో చూసుకోండి. సున్నా వడ్డీ వాయిదాలంటే ప్రాసెసింగ్ ఫీజు ఎంతో, రొక్కానికైతే ఎంత తగ్గిస్తారో రెండూ అడగండి.

పెట్టె ఇంకా విప్పలేదు. ఆ గోడకున్న మార్కండేయస్వామి పటాన్ని ఎక్కడికి మార్చాలో మా మరదలు తేల్చవలసి ఉంది.