మీటరు ఫొటో తీశాకే సామాను దించండి

సెప్టెంబరు వస్తోందంటే హైదరాబాద్, విజయవాడ, విశాఖ నుంచి మన పిల్లలు బ్రిటన్ విమానాలెక్కే కాలం. లెస్టర్, లూటన్, కోవెంట్రీ, ఈస్ట్ హామ్ వంటి చోట్ల అద్దె ఇళ్ల తాళాలు చేతులు మారే కాలం కూడా. ఆ తాళం తీసిన రోజే చాలామంది పేరు మీద తమది కాని బాకీ ఒకటి మొదలవుతోంది. అది గ్యాస్, కరెంటు బాకీ. వచ్చే వారం ఇల్లు మారేవాళ్లు ఈ రోజే తెలుసుకోవాల్సిన సంగతి ఇది.

మన ఊళ్లో నెలనెలా మనిషి వచ్చి రీడింగు తీసి, చిన్న మిషన్‌లోంచి బిల్లు చీటీ చింపి చేతిలో పెడతాడు. ఎక్కువొచ్చిందనిపిస్తే కరెంటాఫీసుకెళ్లి అడుగుతాం. బ్రిటన్‌లో ఆ మనిషి కోసం ఎదురుచూడకండి. స్మార్ట్ మీటరు ఉండి, అది సరిగ్గా పనిచేస్తే దానంతట అదే రీడింగు పంపుతుంది. లేదంటే మీరు పంపాలి. మీరు పంపకపోతే సరఫరా కంపెనీ ఊహించి లెక్క కడుతుంది. బిల్లులో రీడింగు పక్కన ‘ఎస్టిమేటెడ్’ అనో, ‘ఈ’ అనే అక్షరమో కనిపిస్తే అది ఊహే. దాన్ని చూసీ ఊరుకుంటే ఆ ఊహే మీ అప్పుగా నిలబడుతుంది.

లెక్క ఎలా తప్పుతుందో చూడండి. మీరు చేరిన రోజు మీటరు 4,860 చూపిస్తోంది. పాత అద్దెవాళ్లు రీడింగు ఇవ్వకుండా వెళ్లిపోయారు, మీరూ ఇవ్వలేదు. కంపెనీ తన అంచనాతో 4,210 దగ్గర మీ ఖాతా తెరిచింది. ఆ 650 యూనిట్లు వాడిన వాళ్లెవరో మీకు తెలియదు, డబ్బు మాత్రం మీరు కడతారు. చేరిన రోజే మీటరు అంకెలూ, దాని మీద ఉన్న సీరియల్ నంబరూ రెండూ కనిపించేలా ఫొటో తీసి పంపి ఉంటే ఈ తగువే లేదు. ఖాళీ చేసే రోజూ, కంపెనీ మారే రోజూ ఇదే పని మళ్లీ చేయాలి.

సీరియల్ నంబరు ఎందుకంటే, ఒక పెద్ద ఇంటిని మూడు నాలుగు ఫ్లాట్లుగా విడగొట్టిన చోట మెట్ల కింద అల్మరాలో మీటర్లన్నీ పక్కపక్కనే ఉంటాయి. ఏది ఎవరిదో తెలిపే చీటీ ఊడిపోయి ఉంటుంది, లేదా ఎప్పుడో పెన్నుతో రాసింది చెరిగిపోయి ఉంటుంది. ఇద్దరు వాడే ఫ్లాటుకు ఆరుగురుండే ఫ్లాటు బిల్లు రావడం ఇలాగే జరుగుతుంది. బిల్లు మీది సీరియల్ నంబరు మీ మీటరుదేనా అని సరిచూడండి. అనుమానముంటే ఇంట్లో అన్నీ ఆపేసి, ఆ మీటరు ఇంకా కదులుతోందేమో చూడండి. గ్యాస్ మీటరుకు ఇంకో చిక్కుంది. పాతవి ఘనపుటడుగుల్లో, కొత్తవి ఘనపు మీటర్లలో లెక్కిస్తాయి. కొత్త మీటరును పాతదిగా నమోదు చేస్తే బిల్లు 2.83 రెట్లవుతుంది. చలికాలం వాడకం ఎక్కువేలే అని సరిపెట్టుకుని కట్టేసేవాళ్లు ఇది కూడా ఒకసారి చూడాలి.

సంతకం పెట్టలేదు కదా, నాకేం సంబంధం అనుకోవద్దు. ఇంట్లో చేరి స్విచ్ వేసినప్పటి నుంచీ ఆ ఇంటికి అప్పటికే సరఫరా చేస్తున్న కంపెనీకి మీరు ఖాతాదారులే. ‘ది ఆక్యుపయర్’ పేరుతో వచ్చే కవర్లు చెత్తబుట్టలో వేయకుండా తెరిచి, మీరు చేరిన తేదీ చెబుతూ జవాబు రాయండి. ముందే డబ్బు వేసుకుని వాడే ప్రీపేమెంట్ మీటరు అయితే దాని పాత కీ, పాత కార్డుతో డబ్బు వేయకండి. పాతవాళ్ల బాకీ అందులో ఉంటే మీరు వేసిన పౌండ్లు దానికే పోతాయి. కంపెనీకి ఫోన్ చేసి మీ పేరున కొత్తది తెప్పించుకోండి. సగం ధరకే టాప్‌అప్ చేయిస్తామని తలుపు తట్టేవాళ్లను నమ్మకండి. అది దొంగ క్రెడిట్. బయటపడ్డాక ఆ మొత్తాన్ని కంపెనీకి మళ్లీ కట్టాల్సి వస్తుంది.

ఇక కంపెనీ మారడం. బిల్లు నేరుగా మీరే కడుతుంటే సరఫరాదారును ఎంచుకునే హక్కు అద్దెకున్న మీకే ఉంది. మారడానికి ఇప్పుడు సాధారణంగా అయిదు పనిదినాలు చాలు. మనసు మారితే 14 రోజుల్లోపు వెనక్కి తగ్గొచ్చు. పాత కంపెనీ ఆరు వారాల్లో చివరి బిల్లు ఇవ్వాలి, మీ డబ్బు మిగిలి ఉంటే ఆ తర్వాత పది పనిదినాల్లో తిరిగివ్వాలి. ఫిక్స్‌డ్ ఒప్పందం ముగియడానికి 49 రోజుల ముందు నుంచీ మారితే ఎగ్జిట్ ఫీజు అడగకూడదు. ధరల పరిమితి ఉంది కదా అని ధీమా పడకండి. ఆ పరిమితి యూనిట్ ధరకూ రోజువారీ ఛార్జీకీ మాత్రమే, మీ మొత్తం బిల్లుకు కాదు. మీరు అడగకుండానే వేరే కంపెనీ నుంచి స్వాగతం లేఖ వస్తే ఎవరి మీటరు నంబరో తప్పు పడి ఉండొచ్చు. ఆ రెండు కంపెనీల్లో ఎవరికి చెప్పినా సరిదిద్దే బాధ్యత వాళ్లదే.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం మాత్రం ఇల్లు ఖాళీ చేసేటప్పుడే జరుగుతోంది. నలుగురు కలిసి ఉన్న ఇంట్లో బిల్లు ఒక్కరి పేరున ఉంటుంది. కోర్సు అయిపోతుంది, తలా ఒక ఊరు వెళతారు, కంపెనీకి కొత్త చిరునామా ఎవరూ ఇవ్వరు. చివరి బిల్లు పాత ఇంటికే వెళుతుంది. తర్వాత వసూలు ఏజెన్సీ ఉత్తరాలు, ఆపైన కోర్టు కాగితాలు, అన్నీ అక్కడికే. ఇంగ్లండ్, వేల్స్‌లలో జవాబు లేకపోతే మీరు లేకుండానే కౌంటీ కోర్టు తీర్పు వచ్చేస్తుంది. నెలలోపు పూర్తిగా కడితే రికార్డులోంచి తీసేస్తారు. లేదంటే ఆరేళ్లు ఉంటుంది. ఇల్లు అద్దెకడిగినా, లోన్ అడిగినా అది ముందు కనిపిస్తుంది. కాగితాలు అసలు అందలేదంటే తీర్పు రద్దు చేయమని కోర్టునే అడగొచ్చు, కానీ తెలిసిన వెంటనే అడగాలి. స్నేహం ఎంత గట్టిదైనా ఖాతాలో నలుగురి పేర్లూ రాయించండి. ఒక్క పిల్లవాడి నెత్తిన నలుగురి బాకీ పడటం అన్యాయం.

బిల్లు తప్పనిపిస్తే కోపంతో డైరెక్ట్ డెబిట్ ఆపేయకండి. ఒప్పుకోదగిన మొత్తం కడుతూ, తగువున్న మొత్తంపై ఈమెయిల్లో ఫిర్యాదు చేయండి. ‘ఇది ఫిర్యాదు’ అని స్పష్టంగా రాయండి. ఫోన్లో మాట్లాడితే ఆ రోజు, ఆ మనిషి పేరు రాసిపెట్టుకోండి. ఏడాది కిందటి వాడకానికి ఇప్పుడు హఠాత్తుగా పెద్ద బిల్లు పంపితే, తప్పు కంపెనీదైతే 12 నెలలకు ముందుది అడిగే హక్కు వాళ్లకు లేదు. ఇంధన నియంత్రణ సంస్థ ఆఫ్‌జెమ్ ఈ నిబంధనను 2018లో ఇళ్లకు వర్తింపజేసింది. కంపెనీ తనంతట తాను గుర్తుచేస్తుందని ఆశించకండి. మీరే ఎత్తిచూపండి.

ఎనిమిది వారాలైనా పరిష్కారం కాకపోతే, లేదా అంతకుముందే ‘ఇంతకు మించి చేయలేం’ అని లేఖ వస్తే, ఇలాంటి తగువులు తీర్చే ఎనర్జీ అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లండి. మీకు రూపాయి ఖర్చు లేదు. ఆ తీర్పును మీరు ఒప్పుకుంటే కంపెనీ కట్టుబడాల్సిందే. కంపెనీ ‘చేయలేం’ అన్న లేఖ వచ్చిన 12 నెలల్లోపే అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లాలి. ఇంగ్లీషులో వాదించడానికి జంకేవాళ్లు, ఇంగ్లండ్, వేల్స్‌లలో ఉంటే, సలహాలిచ్చే సంస్థ సిటిజన్స్ అడ్వైస్ ఉచిత నంబరు 0808 223 1133కు ముందు ఫోన్ చేయండి. ఉత్తర ఐర్లండ్‌లో నియంత్రణ సంస్థ వేరు, ఈ గడువులు అక్కడికి వర్తించవు.

అక్కడి తెలుగు సంఘాలకు, విద్యార్థుల వాట్సాప్ గ్రూపులు నడిపేవాళ్లకు ఒక విన్నపం. విమానాశ్రయం నుంచి ఇంటికి తెచ్చే సాయం ఎంతో మంచిది. అదే రోజు ఆ పిల్లలతో మీటరు ఫొటో తీయించి, కంపెనీకి ఈమెయిల్ పంపించాకే మీరు వెనక్కి బయల్దేరండి.