ముఖానికి వద్దని ట్యూబు మీదే రాయించండి

డ్రగ్స్ కంట్రోలర్ జనరల్ ఆఫ్ ఇండియా గారికి,
కేంద్ర ఔషధ ప్రమాణాల నియంత్రణ సంస్థ,
ఎఫ్‌డీఏ భవన్, కోట్లా రోడ్డు, న్యూఢిల్లీ.



మొటిమలు అణగాలని, మచ్చలు పోవాలని, నాలుగు రోజుల్లో కాస్త రంగు తేలాలని ముఖానికి స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్లు పూసుకుంటున్న కుర్రకారు గురించి ఈ లేఖ. అవి సబ్బులూ పౌడర్లూ కావు, మందులు. డాక్టరు చీటీ లేనిదే అమ్మకూడదని చట్టం చెబుతున్న మందులు. అయినా దేశ రాజధానిలోనే, పేరు చెప్పి డబ్బులిస్తే చాలు, చీటీ ఊసెత్తకుండా చేతిలో పెట్టే దుకాణాలకు కొదవ లేదు. తెలుగులో ఎందుకు రాస్తున్నానంటే, శ్రీ వేంకటేశ్వర కళాశాలలో చదువుకోవడానికి, ఓల్డ్ రాజేంద్రనగర్‌లో సివిల్స్ కోచింగుకు, నోయిడా, గుడ్‌గావ్ కంపెనీల్లో తొలి ఉద్యోగానికి వచ్చిన మన పిల్లలు ఇల్లు విడిచి ఉంటున్నవాళ్ళు. ముఖం మీద ఏదైనా లేస్తే వాళ్ళకు చర్మ వైద్యుడికంటే ముందు వీధి చివరి మందుల షాపు కనిపిస్తుంది. మీకు చేసుకునే విన్నపం వాళ్ళ కంటా పడాలి. ఆ విన్నపం ఒక్కటే: చీటీ నిబంధన ఒక్కదాన్నే నమ్ముకుంటే ఈ పిల్లల ముఖాలు దక్కవు, హెచ్చరిక ట్యూబుతో పాటే వాళ్ళ చేతికి చేరాలి.

ఈ ఆయింట్‌మెంట్లు అంత త్వరగా నమ్మకం ఎలా సంపాదిస్తాయో ముందు చూడాలి. స్టెరాయిడ్ పూసిన చోట చర్మం కింది సన్నని రక్తనాళాలు ముడుచుకుని చర్మం పాలిపోతుంది. ఎంత పాలిపోతే మందు అంత బలమైనదని లెక్కగట్టే పరీక్ష 1962 నుంచీ వాడుకలో ఉంది. పరిశోధకులు మందు బలాన్ని కొలిచే ఆ గుర్తునే అద్దం ముందు నిలబడ్డ కుర్రాడు రంగు తేలడం అనుకుంటాడు. ఎరుపునూ వాపునూ తగ్గించే గుణం ఉండటంతో మొటిమ కూడా మొదట్లో అణిగినట్టే కనిపిస్తుంది. వాడుతూ పోతే చర్మం పలచబడుతుంది, ఎర్రటి సన్నని నాళాలు పైకి తేలుతాయి, బుగ్గల మీద నూగు పెరుగుతుంది, కొత్త మొటిమలు గుంపులుగా లేస్తాయి. భయపడి మానేస్తే ముఖం కందిపోయి భగ్గున మండుతుంది. మళ్ళీ పూస్తే చల్లబడుతుంది. అలా చల్లబడటమే వాళ్ళను ట్యూబుకు కట్టిపడేస్తుంది. పైగా శరీరమంతటా చర్మం ఒక్క తీరుగా ఉండదు. మోచేతి దిగువ చర్మం హైడ్రోకార్టిజోన్‌ను 1 వంతు పీల్చుకుంటే నుదురు 6 వంతులు, దవడ 13 వంతులు పీల్చుకుంటుందని 1967లోనే అమెరికాలో కొలిచి చూశారు. చేతి మీది ఎగ్జిమాకు సరిపోయిన మందు ముఖం మీద మోతాదు మించిపోయేది ఇందుకే.

ఇదంతా ఒకరిద్దరి గోడు అనుకోవడానికి లేదు. ముఖ చర్మ సమస్యలతో వచ్చిన 2,926 మందిని దేశంలోని పలు కేంద్రాల్లో మన చర్మ వైద్యులు పరీక్షించి 2011లో ఫలితాలు ప్రచురించారు. వాళ్ళలో 433 మంది, అంటే దాదాపు 15 శాతం, ముఖానికి స్టెరాయిడ్ పూస్తున్నవాళ్ళే. ఆ 433 మందిలో 29 శాతం దాన్ని తెల్లబడే క్రీముగానో రోజువారీ క్రీముగానో గడ్డం గీసుకున్నాక పూతగానో వాడారు. 24 శాతం మొటిమలకు వాడారు. వయసు తక్కువైనకొద్దీ మందు బలం ఎక్కువ. 59 శాతం మందికి ఆ మందు చెప్పినవాళ్ళు అసలు డాక్టర్లే కారు. మొటిమలు కొత్తగా రావడం, ఉన్నవి ముదరడం అన్నిటికంటే ఎక్కువగా కనిపించిన దుష్ఫలితం. మొటిమలు పోవాలని వాడిన మందే మొటిమలు తెచ్చిపెట్టింది.

ఆ అధ్యయనం తర్వాత ప్రభుత్వం ఊరుకోలేదన్నది నిజం. 2018 మార్చిలో ఆరోగ్య మంత్రిత్వ శాఖ 14 రకాల స్టెరాయిడ్ పైపూతలను చీటీ మీదే అమ్మాలంటూ షెడ్యూల్ హెచ్ పరిధిలోకి తెచ్చింది. అది మంచి నిర్ణయం. కానీ 2011 అధ్యయనంలోనే ఇంకో లెక్క ఉంది, నా వాదన నిలబడింది దాని మీదే. డాక్టర్ల చీటీతో మందు మొదలుపెట్టిన 176 మందిలో 146 మంది, అంటే 83 శాతం, అదే చీటీని చూపించో చూపించకుండానో అవసరం తీరాక కూడా మళ్ళీ మళ్ళీ కొనుక్కున్నారు. చీటీ నిబంధన అక్షరాలా అమలైనా అది కాపలా కాసేది మొదటి ట్యూబుకే. రెండో ట్యూబు నుంచి కొనేవాడికి పాత ట్యూబే చీటీ. హాస్టల్ గదిలో పక్కవాడు అరువిచ్చిన ట్యూబుకైతే దుకాణమూ లేదు, డాక్టరూ లేడు. చట్టం చూపు మందుల షాపు బల్ల దగ్గర ఆగిపోతోంది, ముఖం పాడయ్యేది ఆ తర్వాత.

ఇక ఆ ట్యూబునే చేతిలోకి తీసుకుని చూడండి. 15 గ్రాములో 30 గ్రాములో పట్టే చిన్న ట్యూబు. బ్రాండు పేరు రంగురంగుల పెద్ద అక్షరాల్లో ఉంటుంది. దాని కింద, కళ్ళు చికిలించి చూస్తే కనపడేంత, క్లోబెటసాల్ ప్రొపియోనేట్ 0.05 శాతం అని ఉంటుంది. ఒక ఎర్ర గీత, చీటీ మీదే అమ్మాలన్న ఇంగ్లీషు హెచ్చరిక, పైపూతకు మాత్రమే అన్న మాట, తోక మడతలో బ్యాచ్ నంబరు. చీటీ హెచ్చరిక అమ్మేవాడికి, కొనేవాడికి కాదు. పైపూతకు మాత్రమే అన్నది మింగొద్దని చెబుతుంది తప్ప ముఖానికి పూయొద్దని చెప్పదు. అన్నిటికన్నా ఎక్కువగా పొరబడేలా చేసేది ఆ 0.05 అన్న అంకె. పక్కనే 1 శాతం హైడ్రోకార్టిజోన్ ట్యూబు పెడితే లెక్కలు బాగా వచ్చిన ఇంజినీరింగ్ విద్యార్థి కూడా మొదటిదే బలహీనమైనదనుకుంటాడు. వాస్తవం తలకిందులు. స్టెరాయిడ్ పైపూతల్లో హైడ్రోకార్టిజోన్ అట్టడుగు మెట్టు, క్లోబెటసాల్ పైమెట్టు. చదువుకున్నవాణ్ణి కూడా తప్పుదోవ పట్టించే లేబుల్ పెట్టి, పిల్లలు తెలిసి తెలిసి చేసుకున్నారని నిందించడం న్యాయం కాదు.

అందుకని అడుగుతున్నవి మూడు. ఒకటి, ప్రతి స్టెరాయిడ్ పైపూత ట్యూబు ముందు వైపున దాని బలం మాటల్లో ఉండాలి: తేలిక, మధ్యరకం, బలమైనది, అతి బలమైనది. ఇది గొంతెమ్మ కోరిక కాదు. బ్రిటన్ ఔషధ నియంత్రణ సంస్థ 2024లో సరిగ్గా ఇలాంటి నాలుగు మెట్ల లేబుల్‌కే నిర్ణయం తీసుకుంది. రెండు, డాక్టరు చెప్పకుండా ముఖానికి పూయవద్దన్న హెచ్చరిక హిందీలోనూ, అమ్మే ప్రాంతపు భాషలోనూ, చదవడం రానివారికీ తెలిసేలా కొట్టివేసిన ముఖం బొమ్మతోనూ ఉండాలి. మంగుకు వాడే హైడ్రోక్వినోన్, ట్రెటినోయిన్, మొమెటసోన్ కలిపిన క్రీములు ముఖానికే కదా అంటారు. నిజమే, అవి డాక్టరు కనిపెట్టి ఉండగా కొద్ది వారాలు వాడి ఆపవలసినవి. తెల్లదనాన్ని గుర్తుచేసే బ్రాండు పేర్లు వాటికి ఇవ్వకూడదు, ఎన్ని వారాలకు ఆపాలో ట్యూబు మీదే ఉండాలి. మూడు, బలమైనవీ అతి బలమైనవీ షెడ్యూల్ హెచ్1 తరహా రిజిస్టరులోకి రావాలి. ఆ షెడ్యూల్ కింద కొన్ని యాంటీబయోటిక్‌లకు 2014 మార్చి 1 నుంచి అమ్మినవాడు డాక్టరు పేరు, రోగి పేరు రాసి మూడేళ్ళు దాచాలన్న నియమం ఉంది. రెండో ట్యూబును పట్టుకునే వల అదే.

దీనికి మీ కార్యాలయం నుంచి రాగల మొదటి జవాబు ఊహించగలను: దుకాణాల లైసెన్సులు, తనిఖీలు రాష్ట్రాల పని. సరిగ్గా అందుకే ఈ ప్రాంతం నుంచి రాస్తున్నాను. రాజధాని ప్రాంతంలో ఢిల్లీ దుకాణం ఢిల్లీ ప్రభుత్వపు ఔషధ నియంత్రణ శాఖ కింద, నోయిడా దుకాణం ఉత్తరప్రదేశ్ అధికారుల కింద, గుడ్‌గావ్ దుకాణం హర్యానా కింద ఉంటాయి. కొనేవాడికి మాత్రం అదంతా ఒకటే ఊరు, ఒకటే మెట్రో. ఢిల్లీలో ఒక దుకాణం నిక్కచ్చిగా కాదంటే అదే సాయంత్రం యమున దాటి నోయిడాలో కొనుక్కోవచ్చు. ఒక రాష్ట్రం కట్టుదిట్టం చేస్తే బేరం పక్క రాష్ట్రానికి మళ్ళుతుందే తప్ప ఆగదు. డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టంలోని 33పి సెక్షన్ చట్టం అమలుకు రాష్ట్రాలకు ఆదేశాలిచ్చే అధికారాన్ని కేంద్రానికి ఇచ్చింది. మూడు ప్రభుత్వాలూ ఒకే వారం, ఒకే పద్ధతిలో తనిఖీ చేసి ఫలితాలు బయటపెట్టేలా ఆదేశం ఇప్పించవచ్చు. దేశానికంతటికీ మందులు వెళ్ళే భాగీరథ్ ప్యాలెస్ టోకు మార్కెట్ మీ కార్యాలయానికి ఎంతో దూరం లేదు. మొదలు అక్కడి నుంచే పెట్టవచ్చు. లేబుల్ సంగతికి వస్తే అది రాష్ట్రాల పని కానే కాదు, దేశమంతటికీ ఒకటే నియమం. 2023 ఆగస్టు 1 నుంచి 300 బ్రాండ్ల మందుల మీద క్యూఆర్ కోడ్ తప్పనిసరి చేయగలిగినప్పుడు నాలుగు మాటలూ ఒక బొమ్మా అచ్చు వేయించడం అసాధ్యమేమీ కాదు.

రెండో అభ్యంతరం బరువైనది. చర్మ వైద్యుడు దొరకడమే గగనమైన దేశంలో రిజిస్టర్లు పెడితే, నిజంగా ఎగ్జిమాతో బాధపడే పేదవాడికి మందు అందకుండా పోదా? పోకూడదు. అందుకే అన్ని స్టెరాయిడ్లనూ ఒకే గాటన కట్టమని అడగడం లేదు. తేలిక రకాన్ని తేలిగ్గానే దొరకనివ్వండి. బ్రిటన్‌లో 1 శాతం హైడ్రోకార్టిజోన్‌ను ఫార్మసిస్టు చీటీ లేకుండానే ఇవ్వవచ్చు, కానీ ముఖానికి కాదన్న షరతు మీద. పేదవాడి పేరు చెప్పి అతి బలమైన మందును అందరికీ తెరిచి ఉంచితే నష్టపోయేదీ పేదవాడే: పాడైన ముఖాన్ని బాగుచేసుకోవడానికి నెలల తరబడి వైద్యం, కూలి మానుకుని సఫ్దర్‌జంగ్ ఆసుపత్రిలోనో లోక్‌నాయక్ ఆసుపత్రిలోనో వరసలో నిలబడటం.

మూడోది, తెల్లబడాలన్న పిచ్చి సమాజానిది, దాన్ని మందుల నియంత్రణ సంస్థ ఏం చేయగలదన్న మాట. పిచ్చి సమాజానిదే. 1975లో బజారుకొచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ క్రీము 2020లో పేరు మార్చుకున్నా ఆ కోరిక మారలేదు. కానీ కోరికను నియంత్రించమని మిమ్మల్ని ఎవరూ అడగడం లేదు. కోరిక ఉన్నవాడి చేతిలో పడే వస్తువు గురించి నిజం చెప్పించమంటున్నాను. మోసపోతే వినియోగదారుల కమిషన్ ఉందిగా అనేవాళ్ళు ఢిల్లీలోనే జరిగిన కేసు చూడాలి. 79 రూపాయల ఫెయిర్ అండ్ హ్యాండ్‌సమ్ క్రీము కొన్న ఒక వినియోగదారుడు 2013లో ఫిర్యాదు చేస్తే, ఢిల్లీ జిల్లా వినియోగదారుల కమిషన్ ఇమామీ కంపెనీకి 14.5 లక్షల రూపాయల జరిమానా వేసింది 2024 డిసెంబరులో. క్రీము 16 నుంచి 35 ఏళ్ళ ఆరోగ్యవంతులైన యువకులకనీ, ఫలితానికి మంచి తిండి, వ్యాయామం కూడా కావాలనీ కంపెనీ వాదించింది. ఆ షరతులేవీ ప్యాకెట్ మీద లేవని కమిషన్ ఎత్తిచూపింది. ఆ తగాదా ప్రకటన గురించి, మందు గురించి కాదు. అయినా పాఠం ఒకటే: ప్యాకెట్ మీద లేని మాటను తేల్చడానికి 11 ఏళ్ళు పట్టింది. పదహారేళ్ళ కుర్రాడు ఇరవై ఏడుకు వస్తాడు. స్టెరాయిడ్‌తో పలచబడిన చర్మం అన్నాళ్ళు ఆగదు.

నేను అడిగిన మూడింటిలో దేనికీ పార్లమెంటు కొత్త చట్టం చేయనక్కర్లేదు. లేబుల్, షెడ్యూల్ మార్పులకు డ్రగ్స్ రూల్స్‌కు సవరణ చాలు, దానికి దారి డ్రగ్స్ టెక్నికల్ అడ్వైజరీ బోర్డు గుండా పోతుంది. బోర్డు తదుపరి సమావేశంలో స్టెరాయిడ్ పైపూతల లేబుల్‌ను ఒక అంశంగా పెట్టించండి. ఒప్పుకుంటే గడువు తేదీ ప్రకటించండి. కాదంటే ఎందుకు కాదో కారణాలు అందరికీ తెలిసేలా రాతపూర్వకంగా చెప్పండి. అప్పుడు చర్మ వైద్యులూ, కళాశాలలూ, తల్లిదండ్రులూ ఆ కారణాలకు జవాబు చెప్పుకుంటారు.

భవదీయుడు,
ఢిల్లీ రాజధాని ప్రాంతపు ఒక తెలుగు పౌరుడు